స్విచ్ లేని పాయింటు

వైరింగు మేస్త్రీ చదివింది పల్లెటూరి బడిలో ఏడో తరగతి దాకా. ఎవరో అడిగేదాకా ఆగకుండా ఆ సంగతి ఆయనే ముందు చెప్పేస్తాడు. చెప్పి ఊరుకోడు, మిగతాది కూడా వినిపిస్తాడు. నలభై రెండేళ్ల పని. ఆరు వందల పదకొండు ఇళ్లు, మూడు బడులు, రెండు ఆస్పత్రులు, ఒక సినిమా హాలు. ఇన్నింటిలో ఆయన లాగిన వైరు ఒక్కచోట కూడా కాలలేదు. ఆయన చేతికింద పనిచేసినవాడు ఒక్కడు కూడా షాకు కొట్టి నిచ్చెన మీంచి పడలేదు. ఇంజనీర్ల ప్లాన్లలో తప్పు పట్టిన సందర్భాలు పద్నాలుగు. అందులో మూడింటిని వాళ్లు కాగితం మీద ఒప్పుకున్నారు. ఇవి గొప్పకి చెప్పుకునే మాటలు కావు. ఆ సినిమా హాల్లో ఇప్పటికీ ఆయన బిగించిన బోర్డులే పనిచేస్తున్నాయి, కావాలంటే వెళ్లి చూసుకోవచ్చు.

ఈ రికార్డంతా ఆయన గురువు దగ్గర నేర్చుకున్న ఒక్క నియమం మీద నిలబడింది. దీపమైనా ఫ్యానైనా ప్లగ్గైనా, ప్రతి పాయింటుకీ స్విచ్ ఉండాలి. గదిలోంచి చివర వచ్చేవాడు స్విచ్‌లన్నీ ఆపి రావాలి. ఈ నియమాన్ని ఆయన పనివాళ్లకే కాదు, చుట్టాలందరికీ నూరిపోశాడు. ఎవరింటికైనా వెళ్లినప్పుడు ఖాళీ గదిలో ఫ్యాను తిరుగుతూ కనిపిస్తే మంచినీళ్లు కూడా ముట్టకుండా లేచి వచ్చేసేవాడు. అందుకని ఆయన స్కూటరు చప్పుడు వినగానే ఇంటిల్లిపాదీ గదిగదికీ పరిగెత్తి స్విచ్‌లు ఆపేవారు.

ఆయనకి ఒక్కతే అక్క. టైపు టీచరు. ముప్ఫై ఏళ్లు ఇన్‌స్టిట్యూటు నడిపి నాలుగు వేల మందికి పైగా వేళ్లు తిప్పడం నేర్పింది. చిన్నవాళ్లయినా, పిల్లల తల్లులైనా అందరినీ "స్టూడెంట్" అనే పిలిచేది. ఏడు నెలల కిందట ఆ ఇన్‌స్టిట్యూటు మెట్ల మీదే కాలు జారి పడింది. మెడ దగ్గర నరం దెబ్బతింది. భుజాలు కాస్త కదులుతాయి. వేళ్లు కదలవు, కాళ్లు కదలవు. నోరు మాత్రం, ఆమె భర్త అన్నట్టు, మునుపటి కంటే బాగా పనిచేస్తోంది.

ఆస్పత్రిలో చెయ్యగలిగిందంతా చేశారు. ఇక ఇంటికి పంపాలి. అయితే అక్కడ ఒక చిక్కు వచ్చింది. మేస్త్రీ బావ పేపర్ల ఏజెంటు. ముప్ఫై ఐదేళ్లుగా తెల్లవారుజామున ఐదింటికి గుమ్మం దాటి తొమ్మిది వందల ఇళ్లకి పేపర్లు పంచుతున్నాడు. ఆయన మానేస్తే ఆ ఇంట్లో ఇంకో సంపాదన లేదు. రోజంతా చూసుకోవడానికి ఒక ఆయా కుదిరింది కానీ, ఆమె ఎక్కాల్సిన మొదటి బస్సు ఈ పేటకి చేరేసరికి ఏడవుతుంది. ఐదు నుంచి ఏడు దాకా అక్క ఒంటరిగా ఉండాలి.

ఆ రెండు గంటల సంగతి తేల్చడానికి ఆస్పత్రి తరఫున ఒక నర్సు వచ్చింది. ఇంటికి వెళ్లే రోగులను పరీక్ష చెయ్యడం ఆమె ఉద్యోగం. మేస్త్రీనీ ఆయన బావనీ వార్డు బయట నిలబెట్టి చెప్పింది.

"ఆవిడ ఎవరి సాయం లేకుండా లైటు వేసుకోవాలి, ఫ్యాను ఆపుకోవాలి, మంచం తలవైపు ఎత్తుకోవాలి, ఫోన్ చెయ్యాలి, ఆయాకి తలుపు తియ్యాలి. నేను ఇంట్లో కూర్చుని గంటసేపు చూస్తాను. అన్నీ అయితే ఇంటికి పంపిస్తాం."

"కాకపోతే?" అన్నాడు బావ.

"రెండు అవకాశాలుంటాయండీ. రెండూ పోతే దీర్ఘకాలం ఉండేవాళ్ల భవనంలో మంచం ఇస్తారు."

ఆ భవనం సంగతి మేస్త్రీకి తెలుసు. దానికి వైరింగు చేసింది ఆయనే. రెండు ఆస్పత్రుల్లో అదొకటి. అక్కడ మంచాలు ఖాళీ అయ్యే తీరు కూడా ఆయనకి తెలుసు.  పైకి మాత్రం, "రెండో అవకాశం దాకా ఎందుకండీ, వైరింగు నేను చేస్తున్నాను," అన్నాడు.

మాట వింటే పనిచేసే సామాన్లు అమ్మే షాపు నుంచి టెక్నీషియన్‌ని బావ ముందే పిలిచి ఉన్నాడు. అతను అక్క ఇంటికి వచ్చి పడగ్గదిలో స్విచ్ బోర్డు విప్పాడు. టార్చి వేసి చూసి నాలుక చప్పరించాడు.

"ఇందులో న్యూట్రల్ లేదండీ. ఎవరు వేశారో గానీ..."

"నేనే వేశాను," అన్నాడు మేస్త్రీ.

"...వేసింది బాగానే వేశారండీ. కాకపోతే గోడలన్నీ కొట్టాలి. పది రోజులు పడుతుంది."

చిక్కు ఏమిటంటే, పాతకాలం వైరింగులో స్విచ్ దగ్గరికి కరెంటు తెచ్చే తీగ ఒక్కటే వస్తుంది. తిరిగి వెళ్లే తీగ, అదే న్యూట్రల్, స్విచ్‌తో పనిలేకుండా తిన్నగా దీపానికి పోతుంది. కొత్త పద్ధతిలో స్విచ్ వెనక అగ్గిపెట్టెంత బిళ్ల ఒకటి కూర్చోబెడతారు. మాట వచ్చినా రాకపోయినా అది ఎప్పుడూ మేలుకుని ఉండాలి, దానికి రెండు తీగలూ కావాలి.

టెక్నీషియన్ వెళ్లాక బావ కుర్చీలో వెనక్కి వాలాడు. "ఏరా, నీ ఆరు వందల పదకొండు ఇళ్లలో ఎన్నింటికి న్యూట్రల్ ఉంది?"

"ఒక్కదానికీ లేదు. అప్పట్లో ఎవడూ వెయ్యలేదు, బావా."

"ఎవడూ వెయ్యలేదని నువ్వూ వెయ్యలేదు. మరి ఇంజనీర్ల తప్పులు పట్టానంటావే."

"నువ్వు పేపర్లు పంచు. గోడ సంగతి నాకు వదిలెయ్. ఏ పైపు ఎక్కడ వంగిందో నాకు కళ్లు మూసుకున్నా తెలుసు."

తెలుసు కూడా. ఇంట్లో మొత్తం తొమ్మిది బోర్డులు. ఒక్కొక్క బోర్డు విప్పి, పాత తీగ చివర కొత్త తీగ కట్టి, అవతల నుంచి లాగి, ఎనిమిదింటికి గోడ మీద గీత పడకుండా న్యూట్రల్ తెచ్చాడు. తొమ్మిదోది పడగ్గదిలోది. అక్కడ పైపు నొక్కుకుపోయింది. అప్పటి తాపీవాడు గోడ పూసేటప్పుడు దాని మీద కాలు వేసి ఉంటాడని మేస్త్రీ తేల్చాడు. జానెడు గోడ కొట్టి, పైపు మార్చి, తానే సిమెంటు పూశాడు. మూడున్నర రోజుల్లో పని పూర్తయింది. టెక్నీషియన్ మళ్లీ వచ్చి చూసి నోరు వెళ్లబెట్టాడు. ఆయన దగ్గర పనికి వస్తానని కూడా అడిగాడట. దీనికి సాక్షి బావే.

తీగల పని అయ్యాక మాటల పని మొదలైంది. గుండ్రటి పెట్టె ఒకటి అక్క మంచం పక్కన పెట్టారు. దానికి ప్రతి గదికీ ఒక్కొక్క పేరు ఫోన్‌లో రాసి చెప్పాలి. బావా బావమరుదులిద్దరూ కళ్లజోళ్లు పెట్టుకుని ఒకే ఫోన్ మీదికి వంగారు.

"మీ అక్క గది అని రాయి," అన్నాడు బావ.

"నాకు అక్క. నీకు అక్కా?"

"నాకు పెళ్లాం. ఆ మాట రాస్తావా దీంట్లో?"

"ఆయా అమ్మగారి గది అంటుంది. అలా రాస్తే?"

"నా ఇంట్లో నేను అమ్మగారి గది అనాలా?"

ముందు గది దగ్గర కూడా ఇదే పంచాయితీ. దాన్ని బావ ఆఫీసు అంటాడు, అక్క పేపర్ల కొట్టు అంటుంది, మేస్త్రీ చూసినంతలో అది గోదాము. చివరికి వార్డుకి ఫోన్ చేశారు. నర్సు ఫోన్‌ని అక్క చెవి దగ్గర పెట్టింది.

"ఇద్దరు మగాళ్లు మూడు గంటలు కూర్చుని ఒక్క గదికి పేరు పెట్టలేకపోయారా," అంది అక్క. "పడగ్గది, హాలు, కొట్టు, వంటిల్లు. రాసుకోండి. పెట్టెని ఏమని పిలవాలి?"

"అది నీ ఇష్టం అక్కా. పిలుపు పేరు మనమే పెట్టుకోవచ్చట."

"అయితే స్టూడెంట్ అని పెట్టు. నోరు తిరిగిన మాట."

పరీక్ష రోజు మధ్యాహ్నం రెండింటికి ఆస్పత్రి వ్యానులో అక్కని తీసుకొచ్చి తన గదిలో, మోటారు మంచం మీద పడుకోబెట్టారు. ఏడు నెలల తరువాత ఆమె తన ఇంటి కప్పు చూడటం అదే మొదలు. చాలాసేపు చూసి, "ఫ్యాను రెక్కలు తుడవలేదు," అంది.

నర్సు మూలన కుర్చీ వేసుకుని ఒళ్లో కాగితాల అట్ట పెట్టుకుంది. "నేనిక్కడ లేననుకోండమ్మా. గోడని అనుకోండి."

"గోడకి పెన్నెందుకూ?" అంది అక్క. నర్సు నవ్వి, వెంటనే ఆపుకుంది.

అక్క ముందు ఒక్కసారి సరిచూసుకుంది. "స్టూడెంట్, పడగ్గది లైటు వెయ్యి." లైటు వెలిగింది. "ఆపు." ఆరింది. మంచం తలవైపు జానెడు లేచి ఆగింది. పెట్టె వార్తలు చదివే ఆడమనిషి గొంతుతో "సరే" అంటూ ఉంటే మేస్త్రీ మీసం దువ్వుకున్నాడు.

"ఇక మీరిద్దరూ వెళ్లండి," అంది నర్సు. "రోజూ ఐదింటికి ఎలా వెళతారో అలాగే. గంట అయ్యేదాకా లోపలికి రాకూడదు. వస్తే పరీక్ష పోయినట్టే."

బావ సంచీ భుజాన వేసుకున్నాడు. మేస్త్రీ ముందు నడిచాడు. వీధి తలుపుకి దానంతట అదే తాళం పడిన చప్పుడు విని ఇద్దరూ గేటు బయట నిలబడ్డారు.

పది నిమిషాలు గడిచాయి. ఒప్పందం ప్రకారం అక్క మొదట ఫోన్ చెయ్యాలి. బావ ఫోన్ మోగలేదు. పదిహేను నిమిషాలయింది. పడగ్గది కిటికీలో లైటు వెలగలేదు.

"చేసిందేమో, నీ ఫోన్ చూడు," అన్నాడు మేస్త్రీ.

"చేతిలోనే ఉంది కదరా, నీ మొహం."

"ఆ తొమ్మిదో బోర్డే. సిమెంటు తడి ఆరకుండా మూసేశాను," అన్నాడు మేస్త్రీ. నలభై రెండేళ్లలో మొదటిసారి తన జాయింటు ఒకటి వదులయిందని, అదీ సొంత అక్క గదిలో వదులయిందని మనసులో ఖాయం చేసేసుకున్నాడు. ఇరవై నిమిషాలకి తలుపు తెరుచుకుంది. తీసింది నర్సు. చేత్తో లోపలి నుంచి గొళ్లెం తిప్పి తీసింది.

"సారీ అండీ. ఆవిడ పిలుస్తూనే ఉన్నారు. నెట్ లేదంటోంది పెట్టె. పావుగంటలో ఫోన్ కలవకపోతే ఆపెయ్యాలని మా రూలు."

మేస్త్రీ చెప్పులు కూడా విప్పకుండా లోపలికి పరిగెత్తి టెస్టర్ తీశాడు. పడగ్గది బోర్డులో కరెంటు ఉంది. తొమ్మిదో జాయింటు రాయిలా ఉంది. హాల్లోకి వచ్చాడు. మంచం పక్కన పెట్టెకి నెట్ అందించే నెట్ పెట్టె టీవీ పక్కన ఉంటుంది, దాని ప్లగ్గు టీవీ బోర్డులోదే. ఆ బోర్డు మీద ఆరు స్విచ్‌లూ వరసగా, పొందికగా ఆపి ఉన్నాయి.

బావ గుమ్మంలోనే నిలబడిపోయాడు. రోజూ ఐదింటికి బయటికి వెళుతూ అరచేత్తో ఆ బోర్డు మీద ఒక్క రాపు రాయడం ఆయనకి ఊపిరి పీల్చడం లాంటిది. ఇందాక కూడా రాశాడు. రాసిన సంగతి ఆయనకే తెలియదు.

"నువ్వేనా?" అన్నాడు మేస్త్రీ.

"ఎవరు నేర్పారురా నాకు?" అన్నాడు బావ మెల్లగా. "కొత్త పెళ్లికొడుకుని. ఇదే హాల్లో, మా వాళ్లందరి ముందు, బావా ఆ ఫ్యాను ఎవడబ్బ సొమ్మని తిరుగుతోందన్నావు. ఆ రోజు నుంచీ ఆపుతున్నాను."

మేస్త్రీ ఆరు స్విచ్‌లూ ఒక్కొక్కటీ మళ్లీ వేశాడు. కష్టమైన సంగతి ఇంకోటి ఉంది. తాను గదిలోంచి చివర వచ్చి ఉంటే తానూ అదే చేసి ఉండేవాడని ఆయనకి తెలుసు.

అక్కని మళ్లీ వ్యానెక్కించేటప్పుడు ఆమె ఏడవలేదు, అరవలేదు. "ఇంకొక్కటే ఉంది కదమ్మా," అని నర్సుని అడిగింది. ఒక్కటే, పన్నెండు రోజుల తరువాత, అని నర్సు చెప్పింది.

ఆ సాయంత్రం బావ స్విచ్ మీద ఎర్ర టేపు అంటిద్దామన్నాడు. తెల్లవారుజామున చీకట్లో టేపు ఎవడికి కనబడుతుందని మేస్త్రీ కొట్టిపారేశాడు. బావ రోజూ చెయ్యి కట్టేసుకుని బయటికి వస్తానన్నాడు. అలవాటు చేతిలో ఉండదు, చెయ్యి కట్టేస్తే మోచెయ్యి ఆపుతుందన్నాడు మేస్త్రీ. ఆయనకి మందు తెలుసు. ఎలక్ట్రిక్ పని తెలిసిన ఎవడికైనా తెలుసు. నెట్ పెట్టెకీ, మంచం పక్కన పెట్టెకీ మీటరు నుంచి తిన్నగా తీగ లాగాలి, మధ్యలో స్విచ్ లేకుండా. ఆ పని ఆయన జన్మలో చెయ్యలేదు. ఒక షావుకారు రాత్రంతా వెలిగే కొట్టు పేరు బోర్డు కోసం అలా అడిగితే, సగంలో ఉన్న పని వదిలేసి నిచ్చెన భుజాన వేసుకుని వచ్చేసిన మనిషి.

మూడు రోజులు టెస్టర్ ముట్టలేదు. నాలుగో రోజు వార్డుకి వెళ్లి అక్క మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నాడు.

"స్విచ్ లేకుండా వెయ్యాలక్కా. ఇంకో దారి లేదు."

"వెయ్యి."

"నలభై రెండేళ్లలో..."

"ఆరు వందల పదకొండు ఇళ్లు. నాకు వచ్చు ఆ లెక్క." అక్క తల తిప్పి చూసింది. "ఒరేయ్, టైపులో కూడా రూలుంది. వేళ్లు చూడకుండా కొట్టాలి. ముప్ఫై ఏళ్లు ఎవరు కిందికి చూసినా స్కేలుతో బల్ల మీద కొట్టాను. ఒకమ్మాయికి ఎడమచేతికి మూడే వేళ్లు. ఆ అమ్మాయికి చూసి కొట్టుకోమన్నాను. పరీక్ష పాసయింది. నీ రికార్డు నీ దగ్గరే భద్రంగా ఉంచుకో, ఎవరూ పట్టుకుపోరు. నాకు మాత్రం ఇల్లు కావాలి."

మేస్త్రీ స్టూలు మీంచి లేచాడు. అక్కడి నుంచి తిన్నగా అక్క ఇంటికి వెళ్లాడు. మీటరు పక్కన చిన్న ఇనప పెట్టె బిగించి, అందులో ఆ తీగకి విడిగా ఒక ఫ్యూజు పెట్టి, పెట్టెకి తాళం వేశాడు. తాళంచెవి ఒకటి తన దగ్గర, ఒకటి ఆయా దగ్గర. తీగని హాలు గోడ మీద కనబడేలాగే లాగాడు, దాచలేదు. కరెంటు పోయినా నాలుగు గంటలు నడిచేలా బ్యాటరీ కూడా కలిపాడు. పని చేస్తున్నంతసేపూ బావతో ఒక్క మాట ఆడలేదు. బావ కూడా నిచ్చెన పట్టుకుని నోరు మూసుకుని నిలబడ్డాడు. ఆయన బావ అయిన ముప్ఫై ఐదేళ్లలో ఇది మొదటిసారి.

రెండో పరీక్షలో బావ వెళుతూ వెళుతూ అలవాటుగా బోర్డు మీద చెయ్యి రాశాడు. ఆరు స్విచ్‌లూ ఆఫ్ అయ్యాయి. మూడో నిమిషంలో గేటు బయట ఆయన ఫోన్ మోగింది.

"హాలు స్విచ్‌లు ఆపారా?" అంది అక్క.

"ఆపాను," అన్నాడు బావ దొంగలా.

"మంచిది. కరెంటు దండగ."

గంటలో అయిదు పనులూ అయ్యాయి. నర్సు కాగితం మీద సంతకం పెట్టి, ఒక్కటి మాత్రం కొత్తగా చేర్చమంది. తలుపు తీసే ముందు బయట ఎవరున్నారో ఆవిడకి కనబడాలంది. ఆ మర్నాడే మేస్త్రీ వీధి గుమ్మం పక్కన కెమెరా, మాటల పెట్టె బిగించి, మంచం ఎదురుగా బొమ్మ కనిపించే పలక పెట్టాడు. దానికి స్విచ్ ఉంది.

సోమవారం అక్క ఇంటికి వచ్చేసింది. మంగళవారం మొదటి తెల్లవారుజాము. తాను రానని మేస్త్రీ ముందు రోజు రెండుసార్లు చెప్పాడు. నాలుగింటికే లేచి స్కూటరు తీశాడు. అక్క ఇంటి ఎదురుగా మూసి ఉన్న దర్జీ కొట్టు అరుగు మీద కూర్చున్నాడు. ఐదింటికి పేపర్ల సంచీతో బయటికి వచ్చిన బావ ఆయన్ని చూసి సైకిలు ఆపాడు.

"ఇక్కడేం చేస్తున్నావు?"

"ఇటు పనుండి వచ్చాను."

"ఐదింటికి ఏ కొంపకి వైరింగు?" అని, జవాబు కోసం చూడకుండా సైకిలెక్కాడు. మలుపు దగ్గర ఒక్కసారి వెనక్కి తిరిగి కిటికీ వైపు చూశాడు.

ఐదుంబావుకి పడగ్గదిలో లైటు వెలిగింది. పది నిమిషాలకి ఆరిపోయింది. ఆ తరువాత ఏమీ లేదు. ఐదూ ముప్పావు అయింది, ఐదూ యాభై అయింది. కిటికీ నల్లగా ఉంది. నిద్రపోయిందేమో అనుకున్నాడు. మంచం ఎత్తులో ఇరుక్కుందేమో అనుకున్నాడు. ఫ్యూజు పోయిందేమో అని కూడా అనుకున్నాడు. ఇక కాళ్లు ఆగలేదు. రోడ్డు దాటి, చప్పుడు కాకుండా గేటు తీసి, గుమ్మం దాకా వచ్చి తలుపుకి చెవి ఆనించాడు.

"ఎవరది?" అంది గుమ్మం పక్కన పెట్టె, అక్క గొంతుతో.

మేస్త్రీ చప్పున వెనక్కి జరిగాడు. "నేనే అక్కా. దారిన పోతూ..."

"ఐదింటి నుంచీ దారిన పోతూనే ఉన్నావు. దర్జీ కొట్టు అరుగు దాకా కనిపిస్తోంది నీ కెమెరాలో."

"లైటు ఆరిపోయింది కదా అని..."

"నేనే ఆపించాను."

"తలుపు తియ్యి, ఒక్కసారి చూసి పోతాను."

"తియ్యను. ఆయా వచ్చేదాకా ఇంకా గంటా పది నిమిషాలుంది. అది నాది."

మేస్త్రీ గడ్డం గోక్కున్నాడు. "చీకట్లో ఒక్కదానివీ ఏం చేస్తున్నావక్కా?"

 లోపల ఫ్యాను తిరుగుతున్న చప్పుడు పెట్టెలోంచి సన్నగా వినబడింది.

"ఏమీ చెయ్యట్లేదురా," అంది అక్క. "ఎవరూ చూడకుండా ఏమీ చెయ్యకుండా ఉండి ఏడు నెలలయింది. వెళ్లు."

మేస్త్రీ గేటు దగ్గరగా వేశాడు. స్కూటరుని స్టాండు తీసి, స్టార్టు చెయ్యకుండా సందు చివరిదాకా తోసుకుంటూ వెళ్లాడు.